లైపోసోమ్‌కు దారి తెలియదు

"ఈ లైపోసోమ్ నేరుగా క్యాన్సర్ కణాన్ని వెతుక్కుంటూ వెళ్లి, ఆరోగ్యకరమైన కణాల జోలికి పోకుండా మందును అక్కడే దించుతుంది." ఎం.ఫార్మసీ ప్రాజెక్టు నివేదికల్లో ఈ వాక్యం ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. మాటలు కాస్త అటూ ఇటూ మారతాయి, అంతే. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కాలేజీలకు వైవా పరీక్షకుడిగా వెళ్లినప్పుడల్లా మొదటి అధ్యాయంలోనే ఇది నాకోసం కాచుకుని కూర్చుంటుంది. ఇప్పుడు ఫోన్లలో తిరిగే వీడియోల్లోకీ ఎక్కింది. ఇందులో వెతుక్కుంటూ వెళ్లడం అన్నదే అబద్ధం. మిగతావన్నీ దానికి పుట్టిన పిల్లలు.

లైపోసోమ్ అంటే, మందును లోపల పెట్టుకుని మోసే ఆ అతిచిన్న కొవ్వు గోళం అంటే, నాకు పడదని ఎవరూ అనుకోవద్దు. ఫార్మాస్యూటిక్స్ పాఠం చెప్పి బతికేవాడిని, ఏటా ఇష్టంగా చెప్పే పాఠాల్లో ఇదొకటి. దాని ఒంటికి యాంటీబాడీనో, పెప్టైడ్ అనే చిన్న ప్రొటీన్ ముక్కనో, ఫోలిక్ ఆమ్లాన్నో అతికించి, కణం మీద అలాంటి అణువుకు సరిపడే రిసెప్టర్ అనే ప్రొటీన్‌ను పట్టుకునేలా చేయాలన్న ఆలోచన అందమైనది. కుదిరిన చోట పని కూడా చేస్తుంది. నా పేచీ అంతా ఆ అణువుకు లేని శక్తిని అంటగట్టడం మీదే. అది దారి చూపదు. చేరాక చేసే పని ఒకటుంది, అది వేరు. ఈ తేడా వైవా గదిలో తేలకపోతే పోయేవి మార్కులే. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో డయాలసిస్ మంచం మీద ఉన్న మనిషికి తేలకపోతే మాత్రం చేతిలో ఉన్న నాలుగు రూపాయలూ పోతాయి.

లైపోసోమ్ పుట్టుక చిన్న కథే. 1960ల మొదట్లో ఇంగ్లండ్‌లో, కేంబ్రిడ్జ్ దగ్గరి బాబ్రహాంలో, అలెక్ బాంగ్‌హామ్ అనే శాస్త్రవేత్త ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వు అణువులను నీటిలో కలిపి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూశారు. పొరలు పొరలుగా మూసుకున్న గోళాలు కనిపించాయి. కణాన్ని చుట్టి ఉండే పొర ఏ సరుకుతో తయారవుతుందో ఇవీ అదే సరుకు. నీటికి దగ్గరయ్యే తల బయటికి, నీరంటే గిట్టని తోకలు లోపలికి పెట్టుకుని ఈ అణువులు వాటంతటవే రెండు వరుసలుగా సర్దుకుంటాయి. మధ్యలో నీటి గది. మందు నీటిలో కరిగేదైతే ఆ గదిలో, కొవ్వులో కరిగేదైతే గోడలో ఉంటుంది.

ప్రయోగశాలలో దీన్ని చేయడం చూడముచ్చటగా ఉంటుంది. కొవ్వునూ కొలెస్టరాల్‌నూ క్లోరోఫాంలో కరిగించి, గుండ్రటి అడుగున్న ఫ్లాస్కులో పోసి, రోటరీ ఎవాపరేటర్‌కు తగిలిస్తారు. ద్రావణి ఎగిరిపోయాక గాజు లోపలి గోడమీద పల్చటి పొర మిగులుతుంది. అది సమంగా పరుచుకుంటే సగం పని అయినట్టే. వేసవిలో సరిగ్గా ఆ సమయానికే కరెంటు పోతుంది, వాక్యూమ్ జారిపోతుంది, పొర ఒక పక్కకు గడ్డకట్టి కూర్చుంటుంది. అన్నీ కుదిరితే, వెచ్చటి బఫర్ ద్రావణం పోసి తిప్పగానే పాలలాంటి తెల్లటి ద్రవం వస్తుంది. దాన్ని 100 నానోమీటర్ల రంధ్రాలున్న పాలికార్బొనేట్ పొర గుండా రెండు సిరంజిల మధ్య అటూ ఇటూ నెట్టాలి. మొదటి నాలుగైదు సార్లు బొటనవేళ్లు విరిగినంత పని అవుతుంది. పోనుపోను తెలుపు తగ్గి, ద్రవంలో నీలి ఛాయ దిగుతుంది. గోళాలు చిన్నవై, ఇంచుమించు ఒకే కొలతకు వచ్చాయనడానికి యంత్రం చెప్పక ముందే కంటికి దొరికే గుర్తు అది. విద్యార్థి ముఖంలో మొదటి నవ్వు వచ్చేదీ అక్కడే.

ఈ సాదా లైపోసోమ్‌ను రక్తంలోకి ఎక్కిస్తే ఎక్కువసేపు తిరగదు. రక్తంలోని ప్రొటీన్లు దాని మీద పేరుకుంటాయి, కాలేయంలోనూ ప్లీహంలోనూ కాపలా ఉండే మాక్రోఫేజ్ కణాలు దాన్ని మింగేస్తాయి. ఆ ప్రొటీన్లను దూరం పెట్టడానికే 1990 ప్రాంతంలో పాలీఇథిలీన్ గ్లైకాల్, అంటే పెగ్, అనే పొడవాటి తీగల్ని లైపోసోమ్ ఒంటినిండా మొలిపించారు. మాక్రోఫేజ్‌లు వెంటనే పట్టుకోలేకపోయాయి, రక్తంలో తిరిగే కాలం గంటల నుంచి రోజులకు పెరిగింది. అమెరికాలో 1995లో అనుమతి పొందిన డాక్సిల్ ఆ కోవలోదే. డాక్సోరూబిసిన్ అనే క్యాన్సర్ మందును పెగ్ తొడిగిన లైపోసోమ్‌లో నింపిన ఇంజెక్షన్ అది. దాని మీద ఏ యాంటీబాడీ లేదు, ఏ పెప్టైడ్ లేదు. ఈ సంగతి తర్వాత అక్కరకొస్తుంది.

ఇక అతికించే పని. బాగా నడిచిన దారి ఒకటి చెబుతాను. కొన్ని పెగ్ తీగల కొసకు మాలిమైడ్ అనే రసాయన కొక్కెం పెట్టి ఉంచుతారు. యాంటీబాడీ ముక్కలో గంధకం ఉన్న థయోల్ సమూహాన్ని బయటపెడతారు. రెండూ కలిస్తే గట్టి బంధం. కొక్కెం మహా సున్నితం. నీటిలో ఎక్కువసేపు ఉంచితే, అందులోనూ పీహెచ్ 7.5 దాటితే, అది విరిగి పనికిరాకుండా పోతుంది. బఫర్ పీహెచ్ చూడకుండా పొద్దున కలిపి సాయంత్రం యాంటీబాడీ పోస్తే, అతుక్కునేది తక్కువ, అతుక్కుందనుకునేది ఎక్కువ. అతుక్కోని యాంటీబాడీని కాలమ్ గుండా పంపి వేరు చేయాలి. చాలా నివేదికల్లో ఈ మెట్టు ఒక్క ముక్కలో తేలిపోతుంది. ఒక్కో లైపోసోమ్ మీద ఎన్ని అణువులు కూర్చున్నాయని అడిగితే గైడు వైపు చూస్తారు. దానిలో ఇమిడే లిపిడ్ అణువులు పదుల వేలల్లో ఉంటే, మీద ఉండే యాంటీబాడీ ముక్కలు మామూలుగా కొన్ని పదులే. పదికీ యాభైకీ తేడా ఉంటుంది మరి.

ఎక్కువ అతికిస్తే ఎక్కువ లాభం కదా అని విద్యార్థులకు సందేహం. అక్కడే చిక్కు. పూర్తి యాంటీబాడీకి తోకభాగం ఉంటుంది, మాక్రోఫేజ్‌లు ఆ తోకను గుర్తుపట్టి లాక్కుంటాయి. అందుకే తోక కత్తిరించిన ముక్కలు వాడటం మొదలైంది. అవీ మితిమీరితే పెగ్ ఇచ్చిన మరుగు చెదిరిపోతుంది, రక్తంలోంచి త్వరగా మాయమవుతుంది. తగ్గిస్తే కణాన్ని పట్టుకునే బలం చాలదు. ఇంకోటి కూడా ఉంది. పట్టు మరీ గట్టిదైతే, రక్తనాళం దాటి కణితిలోకి అడుగుపెట్టగానే ఎదురైన మొదటి వరుస కణాలకే అతుక్కుపోయి లోపలికి పోదు. యాంటీబాడీల విషయంలో ఈ అడ్డంకిని 1980ల నుంచే ఎత్తిచూపుతున్నారు.

అసలు ప్రశ్నకు వద్దాం. లిగాండ్, అంటే లైపోసోమ్ మీద మనం అతికించిన అణువు, రిసెప్టర్‌ను గుర్తుపట్టాలంటే రెండింటి మధ్య దూరం కొన్ని నానోమీటర్లకు తగ్గాలి. అంతకు మించితే ఒకదాని ఉనికి ఇంకోదానికి తెలియదు. ఆకర్షణ లేదు, వాసన పట్టడం లేదు. విజయనగరం వాళ్లకు ఇది పైడితల్లమ్మ సిరిమాను నాడు బాగా అర్థమవుతుంది. మూడు లాంతర్ల దగ్గర జనంలో చిక్కుకున్న కొత్త మనిషి చేతిలో చిరునామా రాసిన కాగితం ఉందనుకోండి. ఆ కాగితం అతన్ని ఎటూ నడిపించదు, జనం ఎటు తోస్తే అటే పోతాడు. ఆ తోపులాటలో ఏదో గడప ముందు పడ్డాక, కాగితంలో ఉన్నదీ తలుపు మీద ఉన్నదీ ఒకటే అయితే లోపలికి రానిస్తారు. లైపోసోమ్‌ను తోసేది రక్తం. దాన్ని నాళం బయటికి వదిలేది నాళం గోడలోని సందులు. లిగాండ్ పని గడప దగ్గర మొదలవుతుంది.

ఇది నా ఊహ కాదు. 2006లో కిర్పోటిన్ బృందం ఎలుకల మీద చేసిన ప్రయోగాన్ని ఈ విషయం చదివే ప్రతి విద్యార్థీ కంఠస్థం చేయాలి. రొమ్ము క్యాన్సర్ కణాల మీద ఎక్కువగా ఉండే హెర్2 రిసెప్టర్‌ను పట్టుకునే యాంటీబాడీ ముక్కల్ని లైపోసోమ్‌కు తగిలించారు. పక్కనే అవేమీ లేని లైపోసోమ్‌లను పెట్టుకున్నారు. కణితిలోకి చేరిన మొత్తం రెండింటికీ ఇంచుమించు ఒకటే. యాంటీబాడీ ఉన్నంత మాత్రాన ఒక్క చుక్క ఎక్కువ చేరలేదు. అయితే చేరినవాటిలో, యాంటీబాడీ ఉన్నవి క్యాన్సర్ కణాల లోపల కనిపించాయి, లేనివి కణాల మధ్య జాగాల్లోనూ మాక్రోఫేజ్‌లలోనూ ఉండిపోయాయి. లిగాండ్ ఏం చేయగలదో, ఏం చేయలేదో రెండూ ఒక్క ప్రయోగంలో తేలిపోయాయి. మన నివేదికల మొదటి అధ్యాయాల్లోకి మాత్రం ఇంకా రాలేదు.

పదేళ్ల తర్వాత, 2016లో, టొరంటో విశ్వవిద్యాలయం వాళ్లు దశాబ్దకాలపు పరిశోధన పత్రాలను జల్లెడ పట్టారు. లైపోసోమ్‌లే కాదు, మందును మోసే అన్ని రకాల నానో కణాలూ, అంటే అతిసూక్ష్మ రేణువులూ. ఎక్కించిన మోతాదులో కణితికి చేరేది మధ్యస్థంగా 0.7 శాతం. లిగాండ్ ఉన్నవాటికి 0.9, లేనివాటికి 0.6. ఈ లెక్క కట్టిన తీరు సరికాదని ఔషధ గతిశాస్త్రం వాళ్లు కొందరు గట్టిగానే అభ్యంతరపెట్టారు, మామూలు మందుల్లోనూ కణితికి చేరే వాటా అంతంతమాత్రమే అన్నారు. ఆ అభ్యంతరంలో నిజం ఉంది. నేను ఆ అంకెను శిలాశాసనంగా తీసుకోను. కానీ 0.6కూ 0.9కూ మధ్య ఉన్న తేడాను చూసి "నేరుగా వెళ్తుంది" అని రాసే ధైర్యం ఎవరికి వస్తుంది?

అదే సంవత్సరం చివర్లో మనుషుల మీద పరీక్ష కూడా తేలిపోయింది. ఎంఎం-302 అనే మందు అచ్చం పైన చెప్పిన దానిలాంటిదే, డాక్సోరూబిసిన్ నింపిన లైపోసోమ్ మీద హెర్2ను పట్టే యాంటీబాడీ ముక్కలు. హెర్మయోనీ అని పేరుపెట్టి రెండో దశ పరీక్షలు నడిపారు. మామూలు చికిత్స కన్నా మెరుగు కనిపించే అవకాశం లేదని 2016 డిసెంబరులో మధ్యలోనే ఆపేశారు.

దీనికి నా సహోద్యోగి ఒకాయన ఎప్పుడూ ఒక ఎదురు ప్రశ్న వేస్తారు. "అదే హెర్2 మీద యాంటీబాడీకి నేరుగా విషాన్ని కట్టిన మందులు పనిచేస్తున్నాయి కదా మాస్టారూ? మరి గురిపెట్టడం అబద్ధం ఎలా అవుతుంది?" మంచి ప్రశ్న. గురిపెట్టడం అబద్ధమని నేను అనలేదు. యాంటీబాడీ కొలత 10 నానోమీటర్ల చిల్లర, లైపోసోమ్ 100. చిన్నది నాళం దాటి కణాల సందుల్లో దూరగలదు, వారాల తరబడి రక్తంలో తిరగగలదు. పెద్దది కణితి అంచులోనే నిలబడిపోతుంది. రెండింటి చేతిలో ఉన్నది ఒకే కాగితం కావచ్చు, గడప దాకా వెళ్లిన వాటి సంఖ్య వేరు. పైగా కణితిలోని రక్తనాళాలకు సందులు ఎక్కువని, నానో కణాలు వాటిగుండా కారి అక్కడే నిలుస్తాయని 1986లో జపాన్ శాస్త్రవేత్తలు మాట్సుమురా, మయెడా చెప్పిన సూత్రం మీద ఈ రంగం మేడ కట్టింది. ఆ సందులు ఎలుకల్లో వారాల్లో పెరిగే కణితుల్లో కనిపించినంత ధారాళంగా మనుషుల కణితుల్లో కనిపించవు. ఒక రోగికీ ఇంకో రోగికీ, ఒకే రోగిలో ఒక కణితికీ ఇంకోదానికీ తేడా ఉంటుంది.

ఇంకో సంగతి, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, రక్తం. మన ప్రయోగశాలల్లో లైపోసోమ్‌ను ప్లాస్టిక్ పళ్లెంలో పెంచిన కణాల మీద పోస్తారు. కణానికీ లైపోసోమ్‌కూ మధ్య ఏ నాళమూ లేదు, గోడ లేదు, మాక్రోఫేజ్ లేదు. పోసేది నేరుగా గడప మీదే. అక్కడ లిగాండ్ ఉన్నది గెలవకపోతే ఆశ్చర్యపోవాలి. రక్తంలో పడ్డ ఏ నానో కణం మీదనైనా నిమిషాల్లో ప్రొటీన్ల పొర కమ్ముకుంటుంది. 2013లో డబ్లిన్‌లో సిలికా నానో కణాల మీద ట్రాన్స్‌ఫెర్రిన్ అనే ప్రొటీన్‌ను అతికించి, దాని రిసెప్టర్‌ను పట్టుకుంటుందో లేదో చూశారు. శుభ్రమైన ద్రవంలో పట్టుకుంది. సీరం, అంటే గడ్డకట్టిన రక్తం నుంచి వేరుచేసిన ద్రవం, కలిపినప్పుడు ప్రొటీన్ల కింద లిగాండ్ కప్పుబడిపోయి, ఆ గుర్తింపు పోయింది. నానో కణం కణంలోకి వెళ్లడం మాత్రం ఆగలేదు, ఏ రిసెప్టర్‌కోసం వెళ్లాలో ఆ లెక్క చెడింది. అంటే కణంలోకి చేరిందని చూపే రంగు పళ్లెంలో వెలిగిందని మురిసిపోవడానికి లేదు.

ఈ ప్రొటీన్ల పొర ఒక చోట మేలే చేసింది. 2018లో అనుమతి పొందిన పాటిసిరాన్ అనే మందు, లైపోసోమ్‌కు దగ్గరి చుట్టమైన లిపిడ్ నానో కణంలో ఉంటుంది. దాని మీద ఎవరూ ఏ లిగాండూ అతికించలేదు. రక్తంలోకి వెళ్లాక అక్కడ ఉండే ఆపోలిపోప్రొటీన్-ఇ అనే ప్రొటీన్ తనంతట తానే వచ్చి దాని మీద కూర్చుంటుంది. కాలేయ కణాల మీద దానికి రిసెప్టర్లున్నాయి కాబట్టి కాలేయం దాన్ని లోపలికి తీసుకుంటుంది. రసాయన శాస్త్రవేత్త చేయాల్సిన పనిని రక్తం చేసిపెట్టింది. కాలేయం వైపు ఇంకో విజయం కూడా చెప్పాలి. గాల్‌నాక్ అనే చక్కెర అణువును మూడు కొమ్మలుగా మందుకే కట్టి, అసలు నానో కణమే లేకుండా చర్మం కింద సూదితో ఇస్తున్నారు. 2019లో అనుమతి పొందిన గివోసిరాన్, ఆ తర్వాత కొలెస్టరాల్ తగ్గించడానికి ఏడాదికి రెండు సూదులతో సరిపెట్టే ఇంక్లిసిరాన్ ఆ జాతివే. కాలేయ కణాల మీద ఆ చక్కెరను పట్టే రిసెప్టర్లు లక్షల్లో ఉంటాయి, పట్టుకున్న ప్రతిదాన్నీ లోపల వదిలి మళ్లీ పైకి వస్తాయి. కాలేయం రక్తనాళాల గోడలు కూడా తూట్లున్నవే. లక్ష్యం చేతికి అందేది, రిసెప్టర్ చురుకైనది. ఇక ఓడటానికి ఏముంది?

2021 మే నెల గుర్తుందా? కరోనా తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చిన వాళ్ల కుటుంబాలు లైపోసోమల్ యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా ఫోన్లు చేస్తూ తిరిగాయి. లైపోసోమ్ అనే పేరు సామాన్యుల నోట నానింది అప్పుడే అనుకుంటాను. ఆ మందులోనూ గురిపెట్టే అణువు ఏదీ లేదు. మామూలు యాంఫోటెరిసిన్ కిడ్నీలను దెబ్బతీస్తుంది, లైపోసోమ్‌లో పెడితే ఆ దెబ్బ చాలా తగ్గుతుంది. అదే దాని గొప్ప. కాలా అజార్ అనే పరాన్నజీవి జబ్బు విషయంలో ఇంకా ముచ్చటైనది జరిగింది. ఆ పరాన్నజీవి దాక్కునేది మాక్రోఫేజ్‌లలోనే, లైపోసోమ్‌లను మింగేదీ మాక్రోఫేజ్‌లే. బీహార్‌లో చేసిన పరీక్షలో కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల చొప్పున ఒక్కసారి ఎక్కించిన మోతాదుతోనే 95.7 శాతం మందికి నయమైందని 2010లో ప్రచురించారు. ఏ లిగాండూ అక్కర్లేకుండానే మందు రోగం ఉన్న చోటికి చేరింది. శరీరం లైపోసోమ్‌ను ఎక్కడికి తీసుకెళ్తుందో ముందు చూసి, ఆ చోట ఉన్న రోగాన్ని ఎంచుకోవడం కూడా గురిపెట్టడమే. మన విద్యార్థులు దీన్ని పనిగా లెక్కపెట్టరు, అతికించడానికి ఏమీ లేదు కాబట్టి.

ఇక కిడ్నీ సంగతి. మా అత్తవారి ఊరు సోంపేట పక్కన. మా బావమరిది ఒక వీడియో పంపి, వెంటనే ఫోను చేశాడు. "బావగారూ, కిడ్నీలోకే నేరుగా వెళ్లే నానో మందు వచ్చిందట. లైపోసోమ్ అంటున్నారు, మీ సబ్జెక్టే కదా. మా ఫ్రెండు వాళ్ల నాన్నగారికి డయాలసిస్ నడుస్తోంది, నెలకు ఇంత అని కడితే పంపిస్తారట. కట్టమంటారా?" వద్దని ఒక్క మాటతో తేల్చాను. ఎందుకు వద్దో చెప్పడానికి మాత్రం చాలాసేపు పట్టింది. అదే ఇక్కడా చెబుతాను.

కిడ్నీలో రక్తాన్ని వడకట్టే జల్లెడ సుమారు 10 నానోమీటర్లు మించిన వాటిని మూత్రం వైపు పోనివ్వదు. రక్తంలోని ఆల్బుమిన్ ప్రొటీన్‌నే చాలావరకు ఆపేస్తుంది. లైపోసోమ్ ఆ జల్లెడ కొలతకు పదింతలు. ఉద్దానం రోగుల్లో ప్రధానంగా దెబ్బతినేది ఆ జల్లెడ అవతల ఉండే సూక్ష్మనాళికలూ, వాటి చుట్టూ ఉండే కణజాలమూ. లైపోసోమ్ ఒంటికి ఎంత మంచి అణువును అతికించినా జల్లెడ దాటనిది నాళిక లోపలి ముఖాన్ని ఎలా పట్టుకుంటుంది? న్యాయంగా చెప్పాలంటే ఒక మినహాయింపు ఉంది. జల్లెడ గుత్తి మధ్యలో మెసాంజియం అనే భాగానికి 75 నానోమీటర్ల ప్రాంతపు నానో కణాలు చేరగలవని ఎలుకల్లో 2011లో చూపించారు. ఆ భాగానికి వచ్చే జబ్బులు వేరు. కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం, మందస పల్లెల్లో ఉన్న జబ్బు వేరు.

ఇందులో ఒక తెలుగు ముచ్చట కూడా ఉంది. లైపోసోమ్‌లకు విద్యార్థులు అందరికన్నా ఎక్కువగా అతికించేది ఫోలిక్ ఆమ్లం. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1940ల మధ్యలో కృత్రిమంగా తయారుచేసిన అణువే అది. అండాశయ క్యాన్సర్ కణాల మీద ఫోలేట్ రిసెప్టర్లు ఎక్కువ. ఫోలేట్ తగిలించిన లైపోసోమ్‌లు పళ్లెంలోని క్యాన్సర్ కణాల్లోకి దూసుకుపోతాయని 1994 నుంచి తెలుసు. ఇన్నేళ్లయినా అలాంటి లైపోసోమ్ ఆసుపత్రికి రాలేదు. అదే రిసెప్టర్‌ను యాంటీబాడీతో పట్టుకునే మిర్వెటుక్సిమాబ్ అనే మందు మాత్రం 2022 నవంబరులో అమెరికాలో అనుమతి పొందింది. మరో సంగతి, ఫోలేట్ రిసెప్టర్ కిడ్నీ నాళికల్లో కూడా పుష్కలంగా ఉంటుంది, మూత్రం వైపు తిరిగిన ముఖం మీద. చిన్న అణువుకు ఫోలేట్ కడితే జల్లెడ దాటి పోయి అక్కడ పేరుకుంటుంది. లైపోసోమ్‌కు కడితే దాటలేదు కాబట్టి పేరుకోదు. ఆ వీడియో తీసినవాళ్లు ఈ రెండింటినీ కలిపి వండారు. ఎక్కడో చదివిన మొదటి ముక్కను రెండోదానికి అంటించారు.

అన్నిటికీ మించి, ఉద్దానంలో జబ్బుకు కారణమేమిటో ఇంకా తేలలేదు. నీరు, ఎండలో పని, పురుగుమందులు, భారలోహాలు అని ఎన్ని అనుమానాలున్నా ఒకటి ఖాయం కాలేదు. ఏ కణాన్ని, ఏ దశలో, ఏ మందుతో కాపాడాలో తెలియనప్పుడు దేనికి గురిపెడతారు? పలాసలో 2023 డిసెంబరులో 200 పడకలతో మొదలైన కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ముందు ఉన్న పని ఆ కారణాన్ని పట్టుకోవడం. ఆ పని నానో మందుల కన్నా ముందుది. మా బావమరిదికి ఇదంతా చెప్పాక అతను అడిగిందల్లా ఒక్కటే, "అయితే కట్టొద్దంటారు." కట్టలేదు.

మరి అతికించడం ఎక్కడ పనికొస్తుంది? రక్తం నేరుగా తాకే కణాల మీద, పట్టుకున్నదాన్ని లోపలికి లాక్కునే రిసెప్టర్ల మీద. 2022లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు సీడీ5 అనే గుర్తును పట్టే యాంటీబాడీని లిపిడ్ నానో కణానికి తగిలించి, ఎలుకల రక్తంలోకి పంపి, రోగనిరోధక శక్తికి చెందిన టీ కణాల్లోకి ఎంఆర్‌ఎన్‌ఏ చేరవేశారు. ఆ టీ కణాలు మారిపోయి, గుండెలో మచ్చకట్టే కణాలను వేటాడాయి. టీ కణం రక్తంలోనే ఈదుతుంది, ఏ గోడా దాటక్కర్లేదు. మామూలుగా అది నానో కణాల్ని అంత తేలిగ్గా లోపలికి తీసుకోదు కాబట్టి యాంటీబాడీ లేకపోతే పనే జరగదు. లిగాండ్ తన జీతం తాను సంపాదించుకున్న చోటంటే ఇదీ. మన దేశంలోనూ ఇలాంటి ఆలోచన పాతదే. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో 1980ల చివర, 1990ల మొదట్లోనే ఎర్ర రక్తకణాలను పట్టే యాంటీబాడీలను లైపోసోమ్‌లకు అతికించి, మలేరియా సోకిన ఎలుకలకు క్లోరోక్విన్ ఇచ్చి చూశారు. పార్వతీపురం ఏజెన్సీలో మలేరియా జ్వరాలు చూసిన వాళ్లకు ఆ ఎంపికలోని తెలివి వేరే చెప్పక్కర్లేదు.

హైదరాబాద్‌లో ఐఐసీటీ, సీసీఎంబీ అనే పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు 2005లో చేసిన పని ఇంకో రకం. మానసిక వైద్యంలో వాడే హాలోపెరిడాల్ అణువును లైపోసోమ్‌కు తగిలించి, సిగ్మా రిసెప్టర్లు ఎక్కువగా ఉండే రొమ్ము క్యాన్సర్ కణాల్లోకి జన్యువులు పంపారు. అది పళ్లెంలో చేసిన పనే. కానీ ఆ రిసెప్టర్ లేని కణాలు, లిగాండ్ లేని లైపోసోమ్‌లు, రిసెప్టర్‌ను ముందే మూసేసిన కణాలు, వీటన్నిటితో పోల్చి చూస్తేనే అలాంటి పనికి విలువ. మా దగ్గర నివేదికల్లో కరువైంది ఆ పోలికలే.

పైడిభీమవరంలో ఒక ఔషధ పరిశ్రమలో నాణ్యత విభాగంలో పనిచేసే నా పూర్వ విద్యార్థి ఒకసారి తన బాధ చెప్పాడు. మామూలు లైపోసోమ్ అయితే కొలత, లోపలి మందు మోతాదు, కారుడు చూస్తే చాలు. యాంటీబాడీ తగిలిస్తే, ప్రతి బ్యాచ్‌లో ఒక్కోదానిమీద ఎన్ని ఉన్నాయి, అందులో ఎన్ని సరైన దిక్కుకు తిరిగి ఉన్నాయి, ఆరు నెలలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాక ఎన్ని మిగిలాయి, ఇవన్నీ నిరూపించాలి. "ఇంత కష్టం పడ్డాక రోగికి రవ్వంత తేడా రాకపోతే ఎవరు చేస్తారండీ" అన్నాడు. వ్యాపారం మాట అనిపించవచ్చు. నాకు మాత్రం శాస్త్రం మాటలాగే వినిపించింది.

అందుకే ఈ మధ్య వైవాల్లో నేను మొండిగా అడుగుతున్నది ఇంతే. లిగాండ్ లేని లైపోసోమ్‌ను అదే కొలతలో, అదే విద్యుదావేశంతో చేసి పక్కన పెట్టారా? ఫోలేట్‌ను విడిగా ఎక్కువగా పోసి రిసెప్టర్లు నింపేశాక కూడా మీ లైపోసోమ్ లోపలికి పోయిందా? పోతే అది రిసెప్టర్ దారిన పోయినట్టు కాదు. మనిషి సీరంలో ఒక గంట ఉంచి, మళ్లీ కణాల మీద వేసి చూశారా? మూడోదానికి ఖర్చు పెద్దగా లేదు, ఎథిక్స్ కమిటీ అనుమతి ఒక్కటి తెచ్చుకోవాలి. రణస్థలం వైపునుంచి వచ్చిన ఒక అమ్మాయి మొన్న ఆ ప్రశ్నకు తడుముకోకుండా జవాబిచ్చింది. "చేశాను సార్. సీరంలో ఉంచాక రెండింటికీ తేడా లేకుండా పోయింది. గైడుగారు ఆ పటం నివేదికలో పెట్టొద్దన్నారు." ఆ పటం ఆమె ఫోనులో ఉంది. తీసి చూపించమన్నాను, ప్రింటు తీయించి నివేదిక చివర అతికించమన్నాను, దాని మీదే అరగంట ప్రశ్నలు వేశాను.